మలుపులో మూలిగే బండి: ఒక పాత ఆల్ వీల్ డ్రైవ్ కేసు

ఈ బండి నా షెడ్డుకి వచ్చేసరికే దాని మీద ముప్పై వేలకు పైగా ఖర్చయింది. నేను ఇంకో నాలుగు వేలు కలిపాను. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా అసలు జబ్బున్న చోటికి చేరలేదు. జబ్బు ఎటువైపు ఉందో చివరికి తెలిసింది ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ముందు నుంచి వెనక చక్రాలకి పవర్ మోసుకెళ్లే పొడవాటి షాఫ్ట్, విప్పి చూస్తే. దానికి కొత్త సామాను ఏమీ అక్కర్లేదు, గంట పని. ఆ పని మొదటి రోజే ఎందుకు చెయ్యలేదన్నది నన్ను చాలా రోజులు బాధపెట్టింది. డెల్టాలో ఇలాంటి పాత బళ్లు ఇంకా చాలా తిరుగుతున్నాయి కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊరు, మనిషి పేరు, బండి కంపెనీ రాయడం లేదు.

బండి, అది తిరిగే దారి

యజమాని కోనసీమలో రొయ్యల చెరువులు చేసే రైతు. ఇల్లు ఏటిగట్టుకి ఇవతల, చెరువులు అవతల లంకలో. మధ్యలో పాయ దాటడానికి ఒక కాజ్‌వే. వేసవిలో అది మామూలు రోడ్డే. వరద మొదలైతే నీళ్లు దాని అంచులు తాకి, తర్వాత పైకెక్కి, ఆ తర్వాత పడవ తప్ప దారి ఉండదు. చెరువు గట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒండ్రు మట్టి ఒక్క వానకి సబ్బులా తయారవుతుంది. ముందు చక్రాలతో మాత్రమే నడిచే బండి గట్టు ఎక్కే చోట నిలబడి తిరుగుతూ ఉండిపోతుంది. మేత బస్తాలతో, ఏరేటర్ మోటార్లతో రోజూ తిరగాలి కాబట్టే ఆయన నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి ఏరి కొనుక్కున్నారు.

బండి 2005 మోడల్, జపాన్ కంపెనీ పెట్రోల్ ఎస్‌యూవీ, మీటర్లో 1,68,000 కిలోమీటర్లు. ఈయన మూడో యజమాని.

దీని వెనక డ్రైవ్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మామూలుగా ఇది ముందు చక్రాల మీద నడిచే బండే. ముందు నుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక డిఫరెన్షియల్ దాకా వెళ్తుంది. డిఫరెన్షియల్ అంటే వెనక రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్ల పెట్టె, దాన్నే మన వైపు అందరం క్రౌన్ అంటాం. ఆ హౌసింగ్ లోపల రెండు ఆయిల్ పంపులు, ఒక క్లచ్ ప్లేట్ల కట్ట ఉంటాయి. ఒక పంపుని షాఫ్ట్ తిప్పుతుంది, అంటే అది ముందు చక్రాల వేగం. రెండోదాన్ని వెనక చక్రాలు తిప్పుతాయి. రెండు వేగాలూ సమానంగా ఉన్నంతసేపూ ఆయిల్ ఒక పంపులోంచి ఇంకో పంపులోకి ఊరికే తిరుగుతుంది. ముందు చక్రాలు జారి ఎక్కువ తిరిగితే ముందు పంపు పోసే ఆయిల్‌ని వెనక పంపు లాగలేదు. మిగిలిన ఆయిల్ ప్రెజర్‌గా మారి క్లచ్ ప్లేట్లని నొక్కుతుంది, వెనక చక్రాలకి పవర్ వెళ్తుంది. దీనిలో కంప్యూటరూ లేదు, స్విచ్చూ లేదు. అంతా ఆ ఆయిల్ మీదే ఆధారం. అందుకే దీనికి మామూలు గేర్ ఆయిల్ పనికిరాదు. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుని వదులుతూ అదరకుండా, మెత్తగా జారేలా చేసే ప్రత్యేకమైన డ్యూయల్ పంప్ ఆయిల్ ఒకటి ఉంది. ఒక లీటరు చాలు, కానీ అదే పొయ్యాలి.

వచ్చిన కంప్లయింట్

2022 జూన్ నెలాఖరులో వచ్చారు. ఆయన మాటల్లోనే రాస్తాను, ఎందుకంటే ఆ మాటల్లో సగం జవాబు ఉంది, నేను వినలేదు.

"మేస్త్రిగారూ, పొద్దున్న బాగానే ఉంటందండి. చెరువుల దగ్గరికెళ్లి తిరిగొచ్చి మా సందులోకి తిప్పుతుంటే గేదె మూలిగినట్టు మూలుగుద్దండి. సీటు కింద జలదరింపు. స్టీరింగ్ నిటారు చేస్తే పోద్దండి."

"రివర్స్‌లో కూడానా అండీ?"

"ఆయ్, రివర్స్‌లో కూడానండి."

ఈ లోపే వేరే చోట్ల ముందు రెండు యాక్సిళ్లు మార్పించారు. లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించారు. పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా మార్చారు. ఆ చేసినవాళ్లని నేను తప్పు పట్టను. మలుపులో సౌండ్ అనగానే ఏ మేస్త్రి చెయ్యైనా ముందు యాక్సిల్ మీదకే వెళ్తుంది. వందలో తొంభై బళ్లకి అదే నిజం కూడా. నేనూ ఆ తొంభై బళ్ల మీదే పని నేర్చుకున్నాను.

కానీ యాక్సిల్ జాయింట్ పోతే వచ్చే సౌండ్ వేరు. అది టక్ టక్ టక్ మంటుంది, చక్రం వేగంతో పాటు లెక్క పెట్టొచ్చు. ఇది టక్కుమనడం కాదు, గుర్‌ర్‌ర్ మని సాగే మూలుగు. పైగా చల్లగా ఉన్నప్పుడు రాదు, ఇరవై నిమిషాలు నడిచాకే వస్తుంది. అరిగిన జాయింట్‌కి వేడీ చలీ తెలియదు. ఏదైనా జబ్బు వేడెక్కాకే కనిపిస్తోందంటే అక్కడ ఆయిల్ హస్తం ఉందేమో చూడాలి. ఇప్పుడు రాస్తుంటే ఇదంతా ఎంత తేలిగ్గా తోస్తోందో! ఆ రోజు తట్టలేదు.

నేను చేసిన తప్పు

రోడ్డు మీద నడిపి చూశాను. 216 జాతీయ రహదారి మీద 60లో వెళ్తుంటే ముందు ఎడమ వైపు నుంచి సన్నగా హమ్మింగ్ వినిపించింది. కుడికి కొంచెం కోస్తే పెరుగుతోంది, ఎడమకి కోస్తే తగ్గుతోంది. వీల్ బేరింగ్ పోయిన లక్షణం అది. జాకీ ఎత్తి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా ఆట ఉంది. బేరింగ్ మార్చాను.

హమ్మింగ్ పోయింది. మూలుగు పోలేదు.

ఆ బేరింగ్ నిజంగానే పోయింది, మార్చాల్సిందే. తప్పు అక్కడ లేదు. పదిహేడేళ్ల బండిలో ఏ మూల వెతికినా ఒక లోపం దొరుకుతుంది. అలా దొరికిన లోపాన్ని, ఆయన చెప్పిన లోపం ఇదే అని నేను నమ్మేశాను. హమ్మింగ్ వేగంలో వస్తుంది, తిన్నటి రోడ్డు మీద కూడా వస్తుంది. ఆయన చెప్పింది నడక వేగంలో, ఫుల్ స్టీరింగ్ కోతలో. రెండూ ఒకటి కావడానికి వీల్లేదు. ఆయన నాలుగు వేలు కట్టి వెళ్లి, సాయంత్రం ఫోన్ చేసి, కోపం లేకుండా, "అలాగే ఉందండి" అన్నారు. ఆ మాటకి రాత్రి నిద్ర పట్టలేదు.

షాఫ్ట్ విప్పడం

మర్నాడు ఆయన్ని మళ్లీ రమ్మని పిలిచి, ఈసారి ఏదీ మార్చనని, ముందు సగమా వెనక సగమా తేలుస్తానని చెప్పాను.

ఈ రకం బండికి ఉన్న సదుపాయం ఏమిటంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ పూర్తిగా తీసేసినా ముందు చక్రాల మీద కొద్ది దూరం నడిపి చూడొచ్చు. షాఫ్ట్ లేకపోతే వెనక క్లచ్‌కి లాగడానికి ఏమీ ఉండదు. మూలుగు అలాగే ఉంటే జబ్బు ముందు ఉన్నట్టు. పోతే షాఫ్ట్‌లోనో, వెనకో ఉన్నట్టు. ఇది అన్ని ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకీ కుదరదు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ మధ్యలో ఉన్నవాటిలో షాఫ్ట్ తీస్తే కొన్ని అసలు కదలవు. అందుకే మీ చేతిలో ఉన్న బండి ఏ రకమో ముందు తెలుసుకోవాలి.

షాఫ్ట్ రెండు చివరలా ఫ్లాంజ్‌కి, అంటే దాన్ని బిగించే బిళ్లకి, నాలుగేసి బోల్టులు. డెల్టాలో ఏ బండి కిందికి దూరినా తుప్పే కనిపిస్తుంది. చెరువుల నీళ్లు, సముద్రపు గాలి, రొయ్యల లారీలు రోడ్డంతా కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు, అన్నీ కలిసి బోల్టుని ఫ్లాంజ్‌కి అతికించేస్తాయి. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేశాను. విప్పే ముందు ఫ్లాంజ్‌ల మీద తెల్ల పెయింట్‌తో గీత గీశాను. ఏ పొజిషన్‌లో ఉన్నది ఆ పొజిషన్‌లోనే తిరిగి బిగించాలి, లేకపోతే బ్యాలెన్స్ తప్పి కొత్తగా వైబ్రేషన్ మనమే తెచ్చినవాళ్లమవుతాం. షాఫ్ట్‌ని మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ బ్రాకెట్లు విప్పి, షాఫ్ట్ కిందికి దింపాం.

అరగంట నడిపి వేడెక్కించి, షెడ్డు ఎదుటి ఖాళీ స్థలంలో ఫుల్ కోతలో కుడికి పది చుట్లు, ఎడమకి పది చుట్లు, రివర్స్‌లో నాలుగు. చప్పుడు లేదు. ఆయన పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. అద్దాలు దించి విన్నారు. "పోయిందండీ" అన్నారు. పోలేదని, జబ్బు వెనక వైపు ఉందని దొరికిందని చెప్పాను.

మరి చెవికి ముందు నుంచి ఎందుకు వినిపించింది? క్లచ్ ప్లేట్లు పట్టుకుని వదులుతూ ఉంటే ఆ అదురు షాఫ్ట్ పొడవునా ముందుకొచ్చి, గేర్‌బాక్స్ మౌంట్ల ద్వారా బాడీలోకి ఎక్కుతుంది. డ్రైవర్ కాళ్ల దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇనుము మొత్తం ఒకే ముక్కగా ఉన్న చోట చెవిని నమ్మి వేలు పెట్టి చూపించడం కుదరదు.

షాఫ్ట్ బల్ల మీద పెట్టి క్రాస్ జాయింట్లు రెండు దిక్కులా వంచి చూశాను, ఎక్కడా పట్టేయడం లేదు. సెంటర్ బేరింగ్ చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది, చుట్టూ ఉన్న రబ్బరు చీలలేదు. ఇక మిగిలింది డిఫరెన్షియలే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ బండిని ఇంతకు ముందు ఎవరో ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్‌లో తిప్పి సౌండ్ విన్నారని ఆయన చెప్పారు. ఆల్ వీల్ డ్రైవ్ బండికి అలా ఎప్పుడూ చెయ్యకూడదు. ముందు చక్రాలు గాల్లో తిరుగుతుంటే వెనక క్లచ్ పట్టుకుని, నేల మీదున్న వెనక చక్రాలు బండిని జాకీ మీంచి ముందుకి దూకిస్తాయి. కింద మనిషి ఉంటే అంతే. వినాలంటే నాలుగు చక్రాలూ ఎత్తి స్టాండ్ల మీద పెట్టాలి. రెండు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే టోయింగ్ కూడా దీనికి వద్దు, మొత్తం బండిని లారీ మీదే ఎక్కించాలి.

మొదటి ఆయిల్

డ్రెయిన్ బోల్టు ముట్టుకునే ముందు పైన ఆయిల్ పోసే బోల్టు వదులు చేసుకోవాలి. ఇది నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి మొదటి వారమే చెప్తాను. కింది బోల్టు విప్పి ఆయిల్ అంతా కార్చేసి, తీరా పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి కదలడానికి లేదు.

ఆయిల్ నల్లగా, మందంగా వచ్చింది. ముక్కు దగ్గర పెడితే గంధకం కలిసిన ఘాటు వాసన. అది మామూలు గేర్ ఆయిల్ వాసన. ఎవరో క్రౌన్ అంటే క్రౌనే కదా అని 90 నంబరు ఆయిల్ పోశారు. డ్రెయిన్ బోల్టు కొనకున్న అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద పట్టి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా ఉంది, గరుకు లేదు, రేకులు లేవు. గేర్లు, ప్లేట్లు ముక్కలవ్వలేదని అర్థం.

అప్పుడు నా లెక్క ఇలా సాగింది. తప్పు ఆయిల్ పోశారు. ఫుల్ కోతలో తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వలయంలో, వెనక చక్రాలు చిన్న వలయంలో తిరుగుతాయి, కాబట్టి ముందు పంపు ఎక్కువ పోస్తుంది, ప్లేట్లు కొద్దిగా నొక్కుకుంటాయి. సరైన ఆయిల్ ఉంటే అవి మెత్తగా జారతాయి. ఇది సరైనది కాదు కాబట్టి పట్టి వదులుతున్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి ప్లేట్ల మధ్య పొర నిలుస్తుంది, వేడెక్కాక పలచబడి ఆ పొర పోతుంది. ఆయన చెప్పిన ప్రతి లక్షణమూ దీనికి సరిపోయింది.

సరైన ఆయిల్ విశాఖపట్నం నుంచి తెప్పించాను. ఒకసారి పోసి, ఎనిమిది అంకె ఆకారంలో అరగంట తిప్పి, ప్లేట్ల మధ్య ఇరుక్కున్న పాత ఆయిల్ బయటికి వచ్చాక అదీ కార్చేసి, మళ్లీ కొత్తది పోశాను. మూలుగు పూర్తిగా పోయింది. ఆయన సంతోషంగా వెళ్లారు. నేనూ కేసు అయిపోయిందనుకున్నాను.

ఆ రోజు ఒక ప్రశ్న అడగాల్సింది, అడగలేదు. ఆ 90 ఆయిల్ అసలు ఎందుకు పోయాల్సి వచ్చింది? బాగున్న క్రౌన్ ఆయిల్‌ని ఎవరూ ఊరికే మార్చరు కదా.

మళ్లీ వచ్చింది

జూలైలో వరద వచ్చింది. ఈ డెల్టాలో ఉన్నవాళ్లెవరూ ఆ వారం మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. లంకలన్నీ మునిగాయి. ఆయన చెరువులు రెండు గట్లు తెగి పోయాయి.

ఆగస్టు రెండో వారంలో బండి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. అదే మూలుగు. ఆయన మొహం చూస్తే చెరువుల సంగతి అడగడానికే మనసు రాలేదు.

ఈ మధ్యలో బండికి ఒక్క మార్పు కనిపించింది. వెనక రెండు టైర్లు కొత్తవి వేయించారు, ముందువి పాతవి. కొత్తవి రెండే ఉంటే వెనక వేయమని టైర్ల షాపువాళ్లు చెప్పడం మామూలే. తడి రోడ్డు మీద వెనక భాగం జారకుండా అది మంచిదే. కానీ ఈ రకం బండిలో ముందు టైరు అరిగి చిన్నదైతే ముందు చక్రాలు ఎప్పుడూ కొంచెం ఎక్కువ తిరుగుతాయి, పంపుకి అది జారినట్టే కనిపిస్తుంది. వెంటనే నా అనుమానం అటు వెళ్లింది.

ఈసారి అనుమానం మీద పని చెయ్యదలచుకోలేదు. టేపు తెచ్చి నాలుగు టైర్ల చుట్టుకొలత తీశాను. వెనకవి 215 సెంటీమీటర్లు, ముందువి 212. అంటే కిలోమీటరుకి వెనక చక్రం 465 చుట్లు తిరిగితే ముందుది 472 తిరుగుతుంది. తేడా ఒకటిన్నర శాతం లోపు. ఈ బండి తయారుచేసినవాళ్లు ఇది ముందే ఊహించారు. వెనక పంపుని ముందు పంపు కంటే 2.5 శాతం పెద్దదిగా పెట్టారు, ముందు టైర్లు అరిగినా క్లచ్ పట్టుకోకుండా. మన తేడా ఆ హద్దు లోపలే ఉంది. లెక్క ప్రకారం టైర్లది తప్పు కాదు. అయినా చెవితో కూడా తేల్చుకుందామని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపాను. మూలుగు అలాగే ఉంది. టైర్లని వదిలేశాను. కానీ నాలుగూ ఒకేసారి మార్చుకోవడం, లేదా పదివేల కిలోమీటర్లకోసారి ముందూ వెనకా మార్చుకోవడం ఈ బండికి అవసరమని ఆయనకి చెప్పాను. తేడా పెరిగితే ఆ 2.5 శాతం హద్దు దాటుతుంది.

అప్పుడు డ్రెయిన్ బోల్టు విప్పాను.

నేను పోసిన ఆయిల్ చిక్కగా ఉన్నా నిర్మలంగా ఉండేది. ఇప్పుడు గిన్నెలోకి కారింది పాలెక్కువైన టీ రంగులో ఉంది. పైన నురగ. చెంచాడు తీసి గాజు సీసాలో పోసి వెలుగుకి పెట్టాను, అవతలి వేలు కనిపించలేదు. షెడ్డు వెనక టీ కాచుకునే స్టవ్ మీద పాత పెనం పెట్టి వేడెక్కాక ఒక చుక్క వేశాను. చిటపటమని ఎగిరింది, పోపులో తడి కరివేపాకు వేసినట్టు. నీళ్లు లేని ఆయిల్ అలా ఎగరదు, మెల్లగా పొగ వస్తుంది. పక్కన కొత్త ఆయిల్ చుక్క వేసి ఆయనకి తేడా చూపించాను. ఆయన ఆ పెనం వంకే చూస్తూ, నేను అడగకుండానే చెప్పారు.

"పోయినేడు వరదల తర్వాత కూడా క్రౌన్ ఆయిల్ తెల్లగా ఉందన్నారండి. అందుకే మార్చారండి."

నేను అడగని ప్రశ్నకి జవాబు అదే. పోయినేడు నీళ్లు వెళ్లాయి. ఆయిల్ తెల్లబడింది. మార్చినవాళ్లు నీళ్లు ఎలా వచ్చాయో చూడకుండా, తప్పు ఆయిల్ పోశారు. నేను తప్పు ఆయిల్ చూసి, దాన్నే జబ్బనుకుని, సరైన ఆయిల్ పోశాను. నీళ్ల దారి ఇద్దరమూ చూడలేదు. వరద తగ్గి కాజ్‌వే తేలీతేలకుండా ఉన్న రోజుల్లో ఆయన దాని మీంచే చెరువులకి వెళ్లొచ్చారు. మోకాలి లోపు నీళ్లు. ఆ రోజుల్లో వెళ్లకుండా ఉండమని చెప్పడం తేలికే, తెగిన గట్టు అవతల ఉన్నప్పుడు వినడం కష్టం. పారే నీళ్లలోకి మాత్రం ఎంత లోతు తక్కువున్నా బండి దించవద్దని గట్టిగా చెప్పాను. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు.

నీళ్లు ఎక్కడి నుంచి

రెండు దారులే ఉన్నాయి. పక్కల యాక్సిల్ దూరే చోట ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు, లేదా లోపలి గాలి వచ్చీపోవడానికి నెత్తిన ఉన్న బ్రీదర్. సీలు పూర్తిగా పోతే ఆయిల్ బయటికి కారాలి. హౌసింగ్ పక్కల సన్నటి చెమ్మ, దానికి పట్టిన దుమ్ము తప్ప కారుడు లేదు. కార్చిన ఆయిల్ కొలిస్తే లీటరు కంటే కొంచెం ఎక్కువే ఉంది. ఆయిల్ బయటికి పోకుండా నీళ్లు మాత్రం లోపలికి ఎలా వచ్చాయి?

బ్రీదర్ ట్యూబు పీకి నోటితో ఊదాను. గాలి వెళ్లలేదు. కొనకున్న మూత తీస్తే లోపల ఎండిన ఒండ్రు మట్టి సిమెంటులా గట్టిపడి ఉంది. సూదితో పొడిచి రాల్చాల్సి వచ్చింది. పోయినేటి మట్టో, అంతకు ముందుదో.

దాంతో అంతా అర్థమైంది. బండి చెరువుల నుంచి వచ్చేటప్పటికి డిఫరెన్షియల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. 80 డిగ్రీలు అనుకుందాం. లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బ్రీదర్ మూసుకుపోయింది కాబట్టి పాత సీళ్ల పెదవులు నెట్టుకుని కొద్దికొద్దిగా బయటికి పోతుంది. ఆ చెమ్మ అదే. తర్వాత బండి కాజ్‌వే నీళ్లలోకి దిగుతుంది. హౌసింగ్ ఒక్కసారిగా 35 డిగ్రీలకి పడిపోతే లోపలి గాలి ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ ఎక్కడి నుంచో నిండాలి. పైన గాలి దారి లేదు. సీళ్ల చుట్టూ నీళ్లున్నాయి. సీలు ఆయిల్‌ని లోపలి నుంచి ఆపడానికి చేసింది, బయటి నుంచి పీల్చే నీళ్లని ఆపడానికి కాదు. రోజుకి కొన్ని చుక్కలైనా, రెండు వారాలు రానూ పోనూ అంటే ఒక లీటరు ఆయిల్‌ని పాడుచెయ్యడానికి చాలు.

ఏం చెయ్యాలన్న నిర్ణయం

ఆయన ముందు నాలుగు దారులు పెట్టాను. షాఫ్ట్ శాశ్వతంగా తీసేసి ముందు చక్రాల మీదే నడుపుకోవడం. వెనక డిఫరెన్షియల్ మొత్తం పాతది దొరికితే హైదరాబాదు నుంచి తెప్పించి వెయ్యడం. ఉన్నదాన్నే విప్పి క్లచ్ ప్లేట్లు మార్చడం. లేదా విప్పకుండా నీళ్ల దారి మూసి, ఆయిల్‌తో కడిగి చూడడం.

ఆయన మొదటిదే అడిగారు. చెరువులు పోయిన ఏడాది, ఖర్చు తగ్గాలి. అది చెడ్డ సలహా కాదు, పట్నంలో తిరిగే బండైతే నేనే చెప్పేవాణ్ని. కానీ ఈయనకి ఈ బండి ఉన్నదే గట్టు ఎక్కడానికి. తీసేస్తే మళ్లీ వానాకాలంలో ట్రాక్టరు పిలుచుకోవాలి. పాత డిఫరెన్షియల్ ఎక్కడి నుంచో తెస్తే అందులో ఏ ఆయిల్ పోసి ఎన్నాళ్లు నడిపారో మనకి తెలియదు. ఉన్నదాని చరిత్ర కనీసం ఇప్పుడు తెలిసింది.

విప్పాలా వద్దా అన్నదే కష్టమైన నిర్ణయం. నీళ్లు తగిలిన ప్లేట్ల పూత ఊడిపోవచ్చు, బేరింగులకి తుప్పు పట్టి ఉండొచ్చు. మూడు సంగతులు చూసి విప్పకూడదనుకున్నాను. అయస్కాంతం మీద ముద్ద ఇంకా మెత్తగానే ఉంది. ఆయిల్‌ని తెల్ల బట్టలో వడకడితే నల్ల పొట్టు లేదు, అంటే ప్లేట్ల పూత రాలడం లేదు. పై బోల్టు రంధ్రంలోంచి ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా దూర్చి చూస్తే కనిపించినంత మేర గేరు పళ్లు మెరుస్తున్నాయి, ఎర్రటి మచ్చలు లేవు. తుప్పు మొదలు కాకముందే దొరికింది. విప్పితే పనికూలి, సీళ్లు, గాస్కెట్లు, సామాను దొరకని ఆలస్యం. విప్పకపోతే పోయేది రెండు మూడు లీటర్ల ఆయిల్. ముందు తక్కువ నష్టం ఉన్న దారి ప్రయత్నించి, అది విఫలమైతే విప్పుదామని ఆయనతో చెప్పి ఒప్పించాను.

రెండు పక్కల సీళ్లు మార్చాను. బ్రీదర్‌కి ఆయిల్‌కి తట్టుకునే పొడవాటి రబ్బరు ట్యూబు తగిలించి, వెనక బాడీ లోపలి వైపు నుంచి పైకి, పెట్రోలు పోసే మూత ఎత్తు దాకా తీసుకెళ్లి, కొన కిందికి వంచి కట్టాను. దారిలో ఎక్కడా నొక్కుకుపోకుండా, సైలెన్సరుకి దూరంగా. తర్వాత ఆయిల్ పోయడం, ఎనిమిది అంకెలు తిప్పడం, వేడి మీదే కార్చడం. మొదటిసారి కార్చింది ఇంకా మజ్జిగలా ఉంది. రెండోసారి మబ్బుగా ఉంది. మూడోసారి పెనం మీద చుక్క ఎగరలేదు. అప్పుడు ఆఖరి ఆయిల్ పోసి, కొత్త వాషర్లతో బోల్టులు బిగించాను.

వెనక పవర్ వస్తోందో లేదో చూడడానికి షెడ్డు పక్క బురదలోకి ముందు చక్రాలు దింపి మెల్లగా వదిలాను. ముందు చక్రాలు అర చుట్టు జారాయి, వెనక్కాళ్లతో నెట్టినట్టు బండి బయటికి వచ్చింది. మా కుర్రాడు వెనక నుంచి చూసి, "మేస్త్రీ, వెనకవి తన్నినయ్!" అని అరిచాడు.

తర్వాత

రెండు వందల కిలోమీటర్లకి ఒకసారి, నెలకి ఒకసారి ఆయిల్ కొంచెం తీసి చూశాం. మబ్బు లేదు. మూలుగు రాలేదు. ఆ ఏడాది వానాకాలం మిగతా అంతా ఆయన గట్ల మీద తిప్పారు.

ఈ కేసు తర్వాత నా షెడ్డులో పద్ధతి కొంత మారింది. ఆల్ వీల్ డ్రైవ్ బండి ఏది వచ్చినా, బానెట్ ఎత్తకముందే దాని యజమాని ఎక్కడి నుంచి ఎక్కడికి తిరుగుతారో అడుగుతాను. కాజ్‌వే ఉందా, చెరువు గట్టుందా, పంటు ఎక్కిస్తారా, పోయిన వరదకి బండి ఎక్కడుంది. తర్వాత, కింద ఏ ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు. ఆ "ఎందుకు" దగ్గర చాలామంది కాసేపు ఆగి గుర్తు చేసుకుంటారు. ఆ ఆగడం కోసం నేను ఎదురు చూస్తాను. షాఫ్ట్ తీసి చూడదగ్గ బండైతే, ఏ సామాను ఆర్డరు పెట్టకముందే తీసి చూస్తున్నాను. సర్వీసుకి వచ్చిన ప్రతి బండికీ బ్రీదర్ ఊది చూడడం కుర్రాళ్లకి అలవాటు చేశాను. ఇప్పటికి ఇంకో రెండు బళ్లకి, ఒక ట్రాక్టరుకి మట్టి పట్టిన బ్రీదర్లు దొరికాయి. మూడింటిలోనూ ఆయిల్ ఇంకా బాగుంది.

బేరింగ్ డబ్బు తిరిగి ఇస్తానంటే ఆయన తీసుకోలేదు. అది నిజంగానే పోయింది కదండీ అన్నారు. అందుకని సీళ్లకి కూలి తీసుకోలేదు. ఆ పాలరంగు ఆయిల్ సీసా ఇంకా నా బల్ల మీదే ఉంది. నీళ్లు అడుగుకి దిగి, ఆయిల్ పైకి తేలి, మధ్యలో తెల్లటి పొర నిలబడింది. నీళ్లు దాటే దారిలో తిరిగే బండి ఎవరిది వచ్చినా ముందు ఆ సీసా చేతికిస్తాను.